ఫ్రిజ్ ముందు రబ్బరు చెప్పులు

మా వంటింట్లో ఫ్రిజ్ ముందు ఒక జత నీలం రబ్బరు చెప్పులు ఉంటాయి. ఇంట్లో చెప్పులతో తిరగడం మా అమ్మ దగ్గరా లేదు, మా అత్తగారి దగ్గరా లేదు. ఇవి తిరగడానికి కావు, ఫ్రిజ్ తలుపు తీయడానికి. చూసినవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. అవి అక్కడికి ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. ఎవరి వల్ల వచ్చాయో ఆయనకూ తెలుసు. ఆయన ఇప్పటికీ మా పై అంతస్తులోనే ఉంటున్నాడు.

విజయనగరంలో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇల్లు కావాలని వెతికి వెతికి ఇందులో దిగాం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి చీపురుపల్లి వెళ్ళి సాయంత్రం వస్తాడు. నాది ఊళ్ళోనే ఒక కాలేజీ ఆఫీసులో పని. ఇంటి యజమాని గేటు మీద అపార్టుమెంట్స్ అని ఇత్తడి అక్షరాలు పెట్టించాడు గాని ఉన్నవి మూడే వాటాలు. కింద మేము, మధ్యలో ఇంటాయనా ఆయన భార్యా, పైన ఇంకో కుటుంబం. ఇంటాయనకి పల్లెలో వరి పొలాలున్నాయి. తరతరాల భూమి. ఆ మాట ఆయన మొదటి రోజే రెండుసార్లు చెప్పాడు.

సామాను దింపుతుండగానే ఆయన భార్య మెట్ల మీద నిలబడి అడిగింది.

"వాకిలి ఎవులు సూస్తారమ్మా? మీరు ముగ్గెయ్యరు గావాల."

"మాకు అలవాటు లేదు పిన్నిగారూ. శుభ్రంగా తుడుస్తాను."

"తుడిస్తే వాకిలైపోద్దేటి! పోన్లే, నేనే ఏసుకుంటాన్లే."

మాది చర్చికి వెళ్ళే కుటుంబమని అద్దెకి ఇచ్చేటప్పుడే తెలుసు. అయినా ఆ "పోన్లే" అన్న తీరు నాకు గుర్తుంది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఐదున్నరకి ఆవిడ కిందికి దిగి రెండు బకెట్ల నీళ్ళు గేటు దగ్గర పోసి, కర్రచీపురుతో బరబరా కడిగి, ముగ్గేసి, నా తలుపు వైపు ఒకసారి చూసి వెళ్ళేది.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం మా పాప స్నానం చేసి, తడి కాళ్ళతోనే వంటింట్లోకి పరిగెత్తింది. ఏడేళ్ళ పిల్ల. ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుని కెవ్వుమంది. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని చెయ్యి చూసుకుంటోంది.

"అమ్మా, ఫ్రిజ్ కొరికింది."

చేతి వెనక భాగంతో తాకి చూశాను. మోచేతి దాకా జివ్వుమంది. తలెత్తి చూస్తే ట్యూబులైటు పచ్చగా, నీరసంగా వెలుగుతోంది. ఆ రాత్రే మా ఆయన చేత రబ్బరు చెప్పులు తెప్పించి ఫ్రిజ్ ముందు పెట్టాను. సంగతి తేలేదాకా చెప్పులు లేకుండా దాన్ని ముట్టుకోవద్దని పాపకి ఒట్టు పెట్టించాను. ఒట్లు మాకు తప్పు. అయినా పెట్టించాను.

మర్నాడు పొద్దున్నే పైకి వెళ్ళాను. ఇంటాయన పేపరు చదువుతున్నాడు.

"బాబాయిగారూ, మా ఫ్రిజ్ షాకు కొడుతోంది. లైట్లు కూడా డిమ్ అవుతున్నాయి. వైరింగులో ఏదో ఉంది. ఒకసారి చూపించండి."

"మా ఇంట్లో కొట్టట్నేదే?"

"మీ ఇంట్లో కాదండీ. మా ఇంట్లో."

"అయితే నీ ఫ్రిజ్జుదే దోసం." పేపరు మడిచాడు. "సూడమ్మా, మీటరు దాకా కరెంటోళ్ళది. గోడల్లో ఉన్నది నాది. ఆ గోడకి నువ్వు తగిలించినవన్నీ నీవి. నా గోడలు బాగున్నాయి."

"పాప చెయ్యి పెట్టిందండీ. తడి కాళ్ళతో."

"పిల్లని తడి కాళ్ళతో ఎందుకు ఒగ్గీసావు? అయినా ఆడమనిషివి, నీకెందుకీ ఎర్తులూ కరెంట్లూనూ. మీ ఆయన్ని పంపు."

మా ఆయన్ని పంపాను. అరగంట కూర్చుని, టీ తాగి, తరతరాల భూమి గురించి విని, కిందికి దిగి, "ఇల్లు మారిపోదామా?" అన్నాడు. తప్పు వాళ్ళది. సామాన్లు మోసుకుంటూ పోవలసింది మేమా? నేను మారనన్నాను.

ముందు ఫ్రిజ్ సంగతి తేల్చాలనుకున్నాను. ట్రాలీ ఆటోలో వేసి బజార్లో రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. మెకానిక్ ఒక రోజంతా నడిపించి చూసి, "తల్లీ, దీనికి ఏ రోగమూ నేదు. మీ ఇంటికి పంపితే మళ్ళీ కొడతాదని నేను రాసిస్తాను కావాలంటే" అన్నాడు. ఆటో మా గేటు ముందు ఆగేసరికి ఇంటాయన నిలబడి ఉన్నాడు.

"ఏటన్నాడు?"

"బాగుందన్నాడు."

"అలాగే అంటాడు మరి. ఆడి కొట్లో కొట్టనేదు కదా. ఇక్కడ కొడతన్నాది."

"నేను చెప్పేదీ అదే బాబాయిగారూ. ఇక్కడే కొడుతోంది."

"నేనూ అదే సెప్తన్నాను," అని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత లైన్‌మన్‌ని పిలిపించాను. మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర అతను పరీక్ష పెట్టబోతుంటే ఇంటాయన తనంతట తనే దిగొచ్చి, జాగ్రత్త కోసమంటూ నా వాటా మెయిను కట్టేశాడు. ఎంత మర్యాద అనుకున్నాను. లైన్‌మన్ మీటరు దగ్గర వోల్టేజి చూసి, "ఇక్కడిదాకా బాగున్నాదమ్మా. ఇక లోపలిది మీరే సూపించుకోవాలి" అన్నాడు. అతను చెప్పినది నిజమే. అతని మీద నాకు కోపం లేదు. కాని ఆ రోజు నుంచి నేను ఇంటి పరువు వీధికెక్కించానని ఇంటాయన పై వాటా వాళ్ళతో అనడం నా చెవిన పడింది.

రెండోసారి అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన లేడు. ఆవిడ డాబా మీద మిరపకాయలు ఎండబెడుతోంది. లైట్ల సంగతి మళ్ళీ చెప్పాను. ఆవిడ తల కూడా తిప్పలేదు.

"పొద్దుటే నాలుగు నీళ్ళు జల్లి ముగ్గెయ్యని వాకిలి. ఆ ఇంట్లో ఎలుగెలాగుంటాదే అమ్మీ?"

నేను దిగొచ్చేశాను. ఏ తేదీన అన్నదో, ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెప్పగలను.

ఇక ఎవరినీ అడగకూడదనుకున్నాను. బజార్లో టెస్టరు కొన్నాను. స్క్రూడ్రైవరు లాంటిదే, కరెంటు తగిలితే పిడిలో చిన్న దీపం వెలుగుతుంది. పాప పాత రెండు గీతల కాపీలో ఇంట్లో ఉన్నప్పుడల్లా రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఆరు: లైటు తెల్లగా, ఫ్రిజ్ మీద టెస్టరు వెలగలేదు. ఆదివారం పదకొండు: లైటు తగ్గింది, టెస్టరు కొంచెం. సాయంత్రం ఐదు: లైటు పచ్చగా, టెస్టరు బాగా. వారం తిరిగేసరికి కాపీ ఒకటే మాట చెప్పింది. పొద్దున బాగుంటుంది, ఎండెక్కే కొద్దీ చెడుతుంది, సాయంత్రానికి కొరుకుతుంది. మా పాప బడి నుంచి వచ్చి ఆకలితో ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళేది సరిగ్గా ఆ వేళకే.

సాయంత్రం ఊరంతా ఏసీలు వేస్తారని ఇంటాయన అన్నాడు. సగం నమ్మాను. కాని ఊరంతటిలో ఆయన ఇల్లూ ఉంది కదా, అక్కడ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఒక్కొక్క సామానూ కట్టేసి చూశాను. మిక్సీ, వాషింగ్ మెషీను, గీజరు. ఏది కట్టేసినా సాయంత్రం సాయంత్రమే.

ఏప్రిల్లో పల్లెలో ఇంటాయన దాయాది ఒకరు పోయారు. వాళ్ళకి పదిరోజుల మైల. ఆవిడ వాకిలి కడగడం, ముగ్గెయ్యడం మానేసింది. ఆ రోజుల్లో నా కాపీలో అన్నీ ఒకటే రాతలు. పొద్దున కూడా బాగాలేదు. పొద్దున కూడా బాగాలేదు. మైల తీరి ఆవిడ మళ్ళీ బకెట్లు దింపిన రోజు పొద్దున లైటు తెల్లగా వెలిగింది.

అప్పుడు నేనేమనుకున్నానో చెబితే సిగ్గు. కాని దాచను. వాళ్ళు కావాలనే చేస్తున్నారనుకున్నాను. పల్లెకీ ఇక్కడికీ తిరుగుతూ, పోయేటప్పుడు మీటరు దగ్గర ఏదో తీగ వదులు చేసి పోతున్నారనుకున్నాను. నాలుగు రోజులు మెట్ల కింద చెప్పులు సర్దుతున్నట్టు కూర్చుని కాపలా కాశాను. ఎవరూ రాలేదు.

నెలాఖరున ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. ఇంటాయనా భార్యా ఊళ్ళో లేరు. వాన వస్తే అందరిళ్ళలో కరెంటు పోతుందని భయపడతారు. మా ఇంట్లో పది నిమిషాలకి ట్యూబులైటు తెల్లబడింది. టెస్టరు పెట్టి చూశాను, ఫ్రిజ్ మీద దీపం లేదు. కాపీ తెరిచి మొదటి నుంచి చదివాను. పొద్దున కడిగిన వాకిలి. ఎండకి ఆరిన వాకిలి. మైలలో కడగని వాకిలి. ఇప్పుడు వాన.

ఆవిడ మిరపకాయల దగ్గర అన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. అది నిజం.

వాళ్ళు ఊరి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఆవిడ కడిగి వెళ్ళాక గేటు దగ్గర గొంతుక్కూర్చుని చూశాను. ముగ్గు నడుమ, పాతికేళ్ళ సున్నం కింద, పళ్ళెమంత సిమెంటు మూత. దాని పక్కన విరిగిన ఇనప గొట్టం మూతి. ఎర్తు గొయ్యి. మా నాన్న మిషను స్కూలు కాంపౌండులో పనిచేసేవాడు. ఎండాకాలం శనివారం శనివారం ఒక బకెట్ నీళ్ళు, గుప్పెడు ఉప్పు అలాంటి గొయ్యిలో పోసేవాడు. నేల తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందని చెప్పేవాడు. ఇక్కడ ఆ పని తెలియకుండానే ఆవిడ చేస్తోంది, రోజూ, దేవుడి పేరు మీద.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బకెట్ తీసుకెళ్ళి మూత మీద పోశాను. లోపలికి వచ్చి టెస్టరు పెట్టాను. దీపం సన్నగిల్లింది. ఇంకో బకెట్ పోశాను. ఆరిపోయింది. పాప వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చెప్పులు మాత్రం విప్పలేదు.

పై నుంచి ఇంటాయన భార్య కేక వినిపించింది.

"ఏటే అమ్మీ! సందకాడ వాకిలి తడుపుతున్నావు. దారికొచ్చావే!"

ఏం చెప్పను? నీళ్ళు ఆపితే పాప చెయ్యి. చెబితే ఆవిడ ఒప్పుకోదు. నోరు మూసుకుని పోశాను. పదకొండు సాయంత్రాలు పోశాను. నాలుగో రోజుకి వీధంతా తెలిసింది. కింద వాటా పిల్ల మారిందని, మంచి జరిగే ముందు ఇలాగే మారతారని. ఆరో రోజు ఆవిడ స్టీలు గ్లాసులో ముగ్గుపిండి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎలాగూ తడిపావు కదా, రెండు గీతలు గీసీ. ఏటి పోద్ది?" గ్లాసు తీసుకెళ్ళి ప్రహరీ గోడ మీద పెట్టాను. నన్ను అన్ని మాటలన్నారు, అవన్నీ ఒక ఎత్తు. ఆ గ్లాసు ఒక ఎత్తు.

కాని ఒకటి నాకు అర్థం కాలేదు. ఎర్తు ఎండితే షాకు కొట్టొచ్చు. లైటు ఎందుకు తగ్గాలి? మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసే ఆవిడని అడిగాను. ఆమె కాగితం మీద మూడు గీతలు గీసి చెప్పింది. కరెంటు ఒక తీగలో వస్తుంది. న్యూట్రల్ అనే రెండో తీగలో తిరిగి వెళ్తుంది. మూడోది ఎర్తు, ప్రమాదం వస్తే కాపాడడానికే గాని రోజూ వాడడానికి కాదు. "వెలుగుకీ ఎర్తుకీ సంబంధం ఉండకూడదు. ఉందీ అంటే మీ ఇంటికి న్యూట్రల్ లేదు. వచ్చిన కరెంటంతా ఎర్తు గొయ్యిలోకి పోతోంది. నేల ఎండితే దారి మూసుకుంటుంది, అప్పుడది ఫ్రిజ్ ఒంటి మీద నిలబడుతుంది. మీటరు మీద రెండో ఎర్రలైటు వెలుగుతోందేమో చూడండి. అది వెలిగితే కరెంటు రావలసిన దారిన తిరిగి రావడం లేదని."

ఇంటికి వచ్చి చూశాను. మూడు మీటర్లు. రెండో ఎర్రలైటు నా మీటరు ఒక్కదాని మీదే వెలుగుతోంది. నా మెయిను కట్టేశాను. ఆరిపోయింది. లైన్‌మన్ వచ్చిన రోజు ఇంటాయన ఎందుకు అంత మర్యాదగా దిగొచ్చి మెయిను కట్టేశాడో అక్కడే, మెట్ల కింద, నాకు తెలిసిపోయింది.

ఆదివారం ఇంటాయన మోటారు బాగుచేయించడానికి తన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. ఆయనకి దూరపు చుట్టం, మావా అని పిలుస్తాడు. పని అయిపోయి వెళ్తుంటే గేటు దగ్గర ఆపాను.

"అన్నా, మా బోర్డు ఒకసారి విప్పి చూడు."

విప్పాడు. చూశాడు. చూసినంత త్వరగా మూసేశాడు.

"ఏం కనిపించింది?"

"ఏటీ నేదమ్మా. బాగున్నాది."

"బాగుంటే మళ్ళీ విప్పు. నేనూ చూస్తాను."

అతను తల గోక్కుంటుంటే ఇంటాయన దిగొచ్చాడు. వెనకాలే మెట్ల మీద ఆవిడ. నేను కాపీ తెరిచి చూపించాను, మీటరు మీద ఎర్రలైటు చూపించాను. నా ఇంటికి న్యూట్రల్ లేదని వాళ్ళ ముందే అన్నాను.

"ఎవులు సెప్పారీయమ్మికి ఇవన్నీ?" అన్నాడు ఇంటాయన.

ఎలక్ట్రీషియన్ ఆయన వైపు చూశాడు. "మావా, సెప్పీమంటావేటి?"

"ఏటి సెప్తావు, నీ మొకం!"

"నన్నంటావేటి? నేనప్పుడే సెప్పాను గదా. న్యూట్రలు తీగ గోడ పైపులో కాలిపోనాది, కొట్టి కొత్తది లాగాలన్నాను. టైల్సు పోతాయని నువ్వే ఒద్దన్నావు. ఈ వాటా గొయ్యి ఏరే కదా, దాని ఎర్తుకి కలిపీ, అత్త రోజూ నీళ్ళు పోస్తాది కదా, నడిచిపోద్దన్నావు. అప్పుడున్నోళ్ళకి ఫ్రిజ్జు కూడా నేదు."

మెట్ల మీద ఆవిడ గొంతు వినిపించింది. "నా నీళ్ళేటి? ఒరే, నా నీళ్ళకీ కరెంటుకీ ఏటిరా?"

ఆవిడకి తెలియదు. అది ఆవిడ ముఖం చూస్తేనే అర్థమైంది. ఆయనకి మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. నా పిల్ల చెయ్యి చూపించిన రోజూ తెలుసు.

"షాకేటి షాకు. చిన్న జివ్వు. మా కాలంలో ఇలాటివెన్ని సూడనేదు," అన్నాడాయన.

"అయితే రండి బాబాయిగారూ." వంటింటి తలుపు తీసి పట్టుకున్నాను. "ఎండ ముదిరింది, ఈ వేళ నేను నీళ్ళు పోయలేదు. కాళ్ళు తడుపుకుని ఆ హ్యాండిల్ పట్టుకోండి. చిన్న జివ్వే కదా."

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. ఫ్రిజ్ ముందున్న చిన్న చెప్పుల వైపు చూశాడు. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత, "నాకు పనున్నాది" అని తిరిగి మెట్లెక్కాడు.

టైల్సు పగలకుండానే అయింది. గోడ పైన ప్లాస్టిక్ పట్టీ వేసి మీటరు నుంచి బోర్డు దాకా కొత్త తీగ లాగాడు ఎలక్ట్రీషియన్. ఎర్తుని దాని పనికే వదిలేశాడు. మొత్తం రెండు గంటలు. నేను రెండు నెలలు రాసిన కాపీకి రెండు గంటల పని. మెట్ల కింద ఎర్రలైటు ఆరిపోయింది. సాయంత్రం ఐదింటికి లైటు పొద్దుటిలాగే వెలిగింది.

ఇంటాయన క్షమించమని అనలేదు. అద్దెకున్నవాళ్ళ ఫ్రిజ్ పాడైతే తన మనిషిని పెట్టి బాగుచేయించానని వీధిలో చెప్పుకున్నాడు. ఆవిడ ముగ్గుపిండి గ్లాసు ప్రహరీ మీది నుంచి తీసుకెళ్ళిపోయింది. అదే ఆవిడ తప్పు ఒప్పుకోవడమని మా ఆయన అంటాడు. నోటితో ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను. ఇల్లు మారదామని ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఇంటాయన రోజూ గేటు తీసినప్పుడల్లా నన్ను చూడాలి. అందుకే మారను.

పాపతో నేనే ముందు ఫ్రిజ్ పట్టుకుని చూపించాను. తడి చేత్తో, ఒట్టి కాళ్ళతో. టెస్టరు పెట్టి వెలగడం లేదని చూపించాను. తల ఊపింది. చెప్పులు వేసుకుని తలుపు తీసింది. ఎచ్చెర్లలో మా అమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఐస్‌క్రీము కోసం వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ ముందు నేలంతా వెతికింది. వాకిట్లోకి వెళ్ళి మా అమ్మ చెప్పులు, తనవి కావు, పెద్దవి, వేసుకుని ఈడ్చుకుంటూ తిరిగొచ్చింది.

"ఇక్కడ ఏమీ లేదమ్మా. ఎప్పుడూ లేదు," అన్నాను.

"టెస్టరు తెచ్చావా?" అని అడిగింది.

తేలేదు. చెప్పులతోనే తలుపు తీసింది.